అమెరికన్ ఫుట్‌బాల్ బృంద ప్రస్థానం (1997–2024): ఎమో రాక్ చరిత్రలో శ్రోతల పాత్ర

వ్యాససంగ్రహం:

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ముగ్గురు విశ్వవిద్యాలయ విద్యార్థులు 1997లో ఏర్పరచుకున్న ‘అమెరికన్ ఫుట్‌బాల్’ రాక్ బృందం మూడేళ్లకే ఆగిపోయింది. అప్పటికి వారు వెలువరించినవి ఒక చిన్న రికార్డు, ఒక ఆల్బమ్ మాత్రమే. 2014లో బృందం తిరిగి వేదికనెక్కే నాటికి ఆ ఆల్బమ్ ఎమో రాక్ సంగీతశాఖకు ఆధార కృతులలో ఒకటిగా స్థిరపడింది. కర్తలు మౌనంగా ఉన్న 14 ఏళ్లలో కృతి ఎలా నిలిచింది, ఎవరు నిలిపారు అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘ఎమో’ అనే పేరు పుట్టుక, ఆల్బమ్ నిర్మాణ లక్షణాలు, ప్రచురణ సంస్థ పాత్ర, అనుకరణ ద్వారా జరిగిన వ్యాప్తి, స్త్రీవాద విమర్శ ఇందులో చర్చనీయాంశాలు.

కీలకపదాలు: ఎమో రాక్, అమెరికన్ ఫుట్‌బాల్, స్వీకరణ సిద్ధాంతం, స్వతంత్ర ప్రచురణ, సంగీత చరిత్ర రచన.

1. ప్రవేశిక:

ఒక కళాకారుని లేదా కళాబృందం చరిత్రను రాసేటప్పుడు పుట్టుక, ఎదుగుదల, శిఖరదశ, క్షీణత అనే వరుసను అనుసరించడం పరిపాటి. ఈ వరుసకు లొంగని సందర్భాలు సాహిత్యంలోనూ సంగీతంలోనూ ఉన్నాయి. కృతి వెలువడిన కాలంలో దానికి తగిన ఆదరణ లభించకపోవడం, కర్త ఆ రంగం నుంచి తప్పుకున్న తరువాత కొత్త తరం దానిని తమదిగా చేసుకోవడం అటువంటి సందర్భమే. జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యాస్ 1967లో ప్రతిపాదించిన స్వీకరణ సిద్ధాంతం దీనిని వివరించడానికి ఉపకరిస్తుంది. కృతి వెలువడిన నాటి పాఠకుల అపేక్షలు ఒక పరిధిలో ఉంటాయి. ఆ పరిధి మారినప్పుడు అదే కృతి మరో విధంగా అర్థమవుతుంది. కనుక సాహిత్య చరిత్ర రచయితల చరిత్రతోపాటు పాఠకుల చరిత్ర కూడా కావాలని యాస్ వాదన.

ఈ వాదనను జనప్రియ సంగీతానికి అన్వయించి చూడడానికి అమెరికన్ ఫుట్‌బాల్ బృందం అనువైన ఉదాహరణ. ఆ బృందం క్రియాశీలంగా ఉన్న తొలిదశ మూడేళ్లు. మౌనంగా ఉన్న దశ దానికి నాలుగు రెట్లకు పైబడినది. కీర్తి మాత్రం ఆ మౌనదశలోనే పెరిగింది.

2. ‘ఎమో’ అనే పేరు:

1980ల మధ్యభాగంలో వాషింగ్టన్ నగరంలో హార్డ్‌కోర్ పంక్ సంగీతం బలంగా ఉండేది. వేగం, అరుపు, సామాజిక ఆగ్రహం దాని లక్షణాలు. కచేరీలలో హింస పెరగడంతో అందులోని కొందరు యువకులు వేరొక మార్గం వెతుక్కున్నారు. ‘రైట్స్ ఆఫ్ స్ప్రింగ్’, ‘ఎంబ్రేస్’ బృందాలు అదే సంగీత తీవ్రతతో వ్యక్తిగత వేదనను, ఆత్మపరిశీలనను పాడసాగాయి. 1985 వేసవిని ఆ వర్గం వారు ‘రెవల్యూషన్ సమ్మర్’ అని పిలుచుకున్నారు. ఆ సంగీతానికి ‘ఎమోషనల్ హార్డ్‌కోర్’ అనీ, కుదించి ‘ఎమోకోర్’ అనీ పేరు వచ్చింది. తరువాత అది ‘ఎమో’గా మిగిలింది. ఎంబ్రేస్ గాయకుడు ఇయాన్ మెకాయ్, రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ గాయకుడు గీ పిచియాటో ఇద్దరూ ఈ పేరును తిరస్కరించారు. ఉద్వేగం లేని సంగీతం ఉంటుందా అన్నది వారి అభ్యంతరంలోని సారం.

ఈ పదాన్ని తెలుగులోకి అనువదించడంలో ఒక చిక్కు ఉంది. ‘భావ సంగీతం’ అంటే మన సాహిత్య విద్యార్థికి భావకవిత్వం స్ఫురిస్తుంది. ఆ రెండింటికీ చారిత్రక సంబంధం లేదు. ‘ఉద్వేగ సంగీతం’ అంటే మెకాయ్ అభ్యంతరమే ఎదురవుతుంది. అందువల్ల ‘ఎమో’ను లక్షణవాచకంగా కాక, చారిత్రకంగా ఏర్పడిన ఒక సంజ్ఞగా స్వీకరించడం సముచితం.

1990లలో ఈ సంగీతం వాషింగ్టన్ దాటి విస్తరించింది. సియాటిల్‌కు చెందిన ‘సన్నీ డే రియల్ ఎస్టేట్’ బృందం 1994లో వెలువరించిన ‘డైరీ’ ఆల్బమ్ రెండవ దశకు ప్రధాన గుర్తు. అదే దశకంలో ఇల్లినాయ్, విస్కాన్సిన్ వంటి మధ్యపశ్చిమ రాష్ట్రాలు ఈ శాఖకు ముఖ్య కేంద్రాలయ్యాయి.

3. పూర్వరంగం: షికాగో శివారు నుంచి అర్బానా వరకు:

మధ్యపశ్చిమ ఎమోకు మూలాలు వెతికేవారు సాధారణంగా ‘క్యాప్‌న్ జాజ్’ వద్ద ఆగుతారు. షికాగో శివారు ప్రాంతంలో 1989లో పాఠశాల వయసు పిల్లలు ప్రారంభించిన బృందమిది. టిమ్ కిన్సెల్లా గాయకుడు కాగా, అతని తమ్ముడు మైక్ కిన్సెల్లా డ్రమ్స్ వాయించేవారు. ఒకే ఒక పూర్తి ఆల్బమ్ వెలువరించి, 1995లో పర్యటన మధ్యలోనే ఈ బృందం విడిపోయింది. దాని నుంచి ‘ద ప్రామిస్ రింగ్’, ‘జోన్ ఆఫ్ ఆర్క్’ మొదలైన శాఖలు పుట్టాయి. 1998లో ‘జేడ్ ట్రీ’ సంస్థ క్యాప్‌న్ జాజ్ పాటలను సంకలనంగా విడుదల చేసింది. విడిపోయిన బృందం సంకలనం ద్వారా కొత్త శ్రోతలను చేరడమనే క్రమం ఈ వర్గంలో అప్పటికే ఉందన్నది గుర్తుంచుకోదగిన అంశం.

మైక్ కిన్సెల్లా ఆ తరువాత అర్బానా–షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ గిటార్ వాద్యకారుడు స్టీవ్ హోమ్స్, డ్రమ్స్‌తోపాటు ట్రంపెట్ కూడా వాయించే స్టీవ్ లామోస్‌లతో కలిసి 1997లో అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఏర్పరచారు. క్యాప్‌న్ జాజ్‌లో డ్రమ్స్ వాద్యకారునిగా ఉన్న కిన్సెల్లా ఇక్కడ గిటార్ వాయిస్తూ పాడారు.

ఇల్లినాయ్‌కు చెందిన ‘పాలీవినైల్’ సంస్థ వీరి ప్రచురణకర్త. అభిమానులు తామే రాసి ముద్రించుకునే చిన్న పత్రికగా 1990ల మధ్యలో మొదలై, రికార్డుల సంస్థగా ఎదిగిన స్వతంత్ర సంస్థ ఇది. 1998లో ఆ సంస్థ మూడు పాటల చిన్న రికార్డును, 1999 సెప్టెంబర్ 14న తొమ్మిది పాటల ఆల్బమ్‌ను విడుదల చేసింది. రెండింటికీ బృందం పేరే పేరు. ఆల్బమ్ ధ్వనిముద్రణ అర్బానాలోనే కొద్ది రోజుల్లో ముగిసింది. అది శ్రోతల చేతికందే నాటికే చదువులు ముగిసి ముగ్గురి దారులు వేరవుతున్నాయి. ఆల్బమ్‌ను ప్రచారం చేసే సుదీర్ఘ పర్యటన జరగలేదు. 2000 నాటికి బృందం లేదు.

4. 1999 ఆల్బమ్ నిర్మాణ లక్షణాలు:

ఈ ఆల్బమ్ వెలువడిన కాలంలో ఎమో శ్రోతల అపేక్షలు మూడు: బిగ్గరగా మోగే గిటార్, గొంతు చించుకునే గానం, చరణం నుంచి పల్లవికి ఉవ్వెత్తున లేచే నిర్మాణం. ఈ మూడింటినీ ఈ ఆల్బమ్ పక్కన పెట్టింది.

మొదటిది, గిటార్ శ్రుతి. గిటార్ ఆరు తంత్రులను సాధారణంగా మందరం నుంచి తారానికి ఇ, ఏ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేస్తారు. తొలి పాట ‘నెవర్ మెంట్’లో ఈ బృందం ఎఫ్, ఏ, సి, జి, సి, ఇ అనే శ్రుతిని వాడింది. ఈ అమరికలో ఏ తంత్రినీ నొక్కకుండా అన్నిటినీ మీటినా ఒక నిండైన స్వరసముదాయం వినిపిస్తుంది. మంద్ర తంత్రులు వాటంతట అవి మోగుతుండగా పై తంత్రులపై రాగరేఖ నడుస్తుంది. వాద్యకారునికి మాత్రం అంతవరకు చేతికి అలవాటైన వేళ్ల అమరికలేవీ పనికిరావు. కొత్తగా వెతుక్కోవలసిందే.

రెండవది, అల్లిక. ఇద్దరు గిటార్ వాద్యకారులలో ఒకరు ప్రధానం, మరొకరు సహకారం అన్న విభజన ఇక్కడ లేదు. రెండు చిన్న వరుసలు ఒకదాని సందుల్లో మరొకటి నడుస్తూ, పునరావృతమవుతూ, కొద్దికొద్దిగా స్థానం మార్చుకుంటాయి. మినిమలిస్టు స్వరకర్త స్టీవ్ రైక్ ప్రభావాన్ని విమర్శకులు తరచుగా ప్రస్తావించేది ఇందువల్లనే. రాక్ సంగీతంలో మామూలైన నాలుగు లెక్కల తాళాన్ని పలుచోట్ల విడిచిపెట్టడం, లామోస్ వాదనంలోని జాజ్ ఛాయ ఈ అల్లికకు తోడయ్యాయి. ‘ద సమ్మర్ ఎండ్స్’, ‘ఫర్ ష్యూర్’ పాటల్లో ట్రంపెట్ దాదాపు రెండవ గాయకుని స్థానంలో నిలుస్తుంది.

మూడవది, మాట తక్కువ కావడం. తొమ్మిదింటిలో రెండు వాద్యగీతాలు. ఎనిమిది నిమిషాలకు పైబడిన ‘స్టే హోమ్’లో గానం చాలా ఆలస్యంగా మొదలై, త్వరగా ముగుస్తుంది. సాహిత్యం ఉన్న పాటల్లోనూ భాష సంభాషణకు దగ్గర. విడిపోతున్న జంట, ముగుస్తున్న వేసవి, చెప్పవలసిన మాట చెప్పలేకపోవడం వీటి వస్తువులు. చదువు ముగించుకొని ఊరు విడిచే విద్యార్థి మనఃస్థితి వీటిలో కనిపిస్తుంది. మాట ఆగిన చోట వాద్యం కొనసాగుతుంది. పాడేవాని సంకోచం పాట నిర్మాణంలోనే ఉందని దీనివల్ల తెలుస్తుంది. ఈ ఆల్బమ్ ఉద్వేగాన్ని తీవ్రతగా కాక, తటపటాయింపుగా చూపింది. ఎమో శాఖకు ఇది తెచ్చిన ముఖ్యమైన మార్పు ఇదే.

5. విరామదశ (2000–2014): కృతిని నిలిపినవారు:

2000ల తొలి సంవత్సరాలలో ఎమో అమెరికన్ ప్రధాన స్రవంతిలోకి వచ్చింది. 2001లో ‘జిమ్మీ ఈట్ వరల్డ్’ ఆల్బమ్ ‘బ్లీడ్ అమెరికన్’, 2006లో ‘మై కెమికల్ రొమాన్స్’ ఆల్బమ్ ‘ద బ్లాక్ పరేడ్’ విస్తృత ప్రజాదరణ పొందాయి. ‘ఎమో’ అంటే ఒక వేషధారణ, ఒక కేశాలంకరణ అన్న అభిప్రాయం సామాన్య జనంలో స్థిరపడింది. 2003లో పాత్రికేయుడు ఆండీ గ్రీన్‌వాల్డ్ ఈ శాఖపై వెలువరించిన గ్రంథానికి ‘నథింగ్ ఫీల్స్ గుడ్’ అని పేరు పెట్టారు. అది ద ప్రామిస్ రింగ్ వారి 1997 ఆల్బమ్ పేరు కూడా. ప్రధాన స్రవంతి విజయం వెనుక మధ్యపశ్చిమ మూలం ఒకటి ఉందనే స్పృహకు ఇది నిదర్శనం.

ఈ కాలంలో అమెరికన్ ఫుట్‌బాల్ సభ్యులు తమ తమ దారుల్లో ఉన్నారు. కిన్సెల్లా ‘ఓవెన్’ అనే పేరుతో 2001 నుంచి ఏకవ్యక్తి ఆల్బమ్‌లు వెలువరించారు. హోమ్స్ సంగీతేతర ఉద్యోగంలో స్థిరపడ్డారు. లామోస్ అధ్యాపకులయ్యారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో రచనాబోధన, అలంకారశాస్త్రాలను బోధించే ఆయన, అమెరికన్ విశ్వవిద్యాలయాల రచనాబోధనలో జాతివివక్షపై రాసిన పరిశోధన గ్రంథం 2011లో వెలువడింది. పునరాగమనానికి సన్నాహమని చెప్పదగినది వీరి జీవితాల్లో ఏదీ కనిపించదు.

అంతర్జాలం ఈ ఆల్బమ్‌ను ‘కనుగొన్నది’ అని చెప్పడం ఇప్పుడు వాడుకగా మారింది. ఈ వివరణ పాక్షికం. అంతర్జాలంలో అప్పటి వేలాది రికార్డులు దొరికేవి. వాటన్నిటికీ ఈ స్థితి కలగలేదు. కృతిని నిలిపిన శక్తులను నాలుగుగా విభజించవచ్చు.

మొదటిది ప్రచురణ సంస్థ. పాలీవినైల్ మూతపడలేదు. బృందం లేకపోయినా ఆల్బమ్‌ను తన జాబితాలో కొనసాగించింది. పెద్ద సంస్థ అయితే అమ్మకం తగ్గిన రికార్డును విడిచిపెట్టే అవకాశం ఎక్కువ. ప్రతి విడుదలనూ తన గుర్తింపులో భాగంగా చూసుకునే చిన్న సంస్థ దానిని నిలుపుకుంటుంది. ముద్రణలో లేని గ్రంథానికి పాఠకులు ఉండరన్నది గ్రంథచరిత్ర పరిశోధకులకు తెలిసిన విషయమే.

రెండవది బంధుత్వ పరంపర. ఓవెన్, జోన్ ఆఫ్ ఆర్క్, క్యాప్‌న్ జాజ్ సభ్యులు 2001లో ఏర్పరచిన ‘ఔల్స్’ వంటి బృందాలను విన్నవారికి వెనుకకు నడిచే దారి ఉంది. ఒకరి పేరు మరొక రికార్డుకు సూచికలా పనిచేసింది.

మూడవది అనుకరణ. ముందు చెప్పిన అసాధారణ శ్రుతి ఇక్కడ కీలకమవుతుంది. సాధారణ శ్రుతిలోని పాటను విని ఊహించి వాయించవచ్చు. ఈ పాటలను వాయించాలంటే శ్రుతి ఏమిటో ఒకరు మరొకరికి చెప్పాలి. అభిమానులు ఆ శ్రుతులను, వేళ్ల స్థానాలను రాసి పంచుకున్నారు. వినడం నేర్చుకోవడంగా, నేర్చుకోవడం కొత్త రచనగా మారింది. 2000ల చివర ఫిలడెల్ఫియా ప్రాంతంలోని ‘ఆల్జర్నాన్ క్యాడ్వాలడర్’, షికాగోలోని ‘ఇంటూ ఇట్. ఓవర్ ఇట్.’ వంటి వారితో ‘ఎమో పునరుజ్జీవనం’ అని విమర్శకులు పిలిచిన దశ మొదలైనప్పుడు, క్యాప్‌న్ జాజ్, అమెరికన్ ఫుట్‌బాల్‌ల సంగీత వ్యాకరణం ఆ తరానికి అందుబాటులో ఉంది.

నాలుగవది అంతర్జాలం. పై మూడు శక్తులకూ అది వేగాన్నిచ్చింది. దూరాన్ని తగ్గించింది. మూలకారణం మాత్రం కాదు.

6. పునరాగమనం (2014–2024):

2014 మేలో పాలీవినైల్ ఆల్బమ్‌ను పునర్విడుదల చేసింది. అప్పటివరకు వెలువడని అభ్యాస, ప్రత్యక్ష ప్రదర్శనల ధ్వనిముద్రణలు ఇందులో చేరాయి. బృందం తిరిగి ప్రదర్శనలిస్తుందన్న ప్రకటన అదే సంవత్సరం వచ్చింది. సెప్టెంబర్‌లో షాంపేన్–అర్బానాలోని పిగ్మాలియన్ ఉత్సవంలోనూ, ఆపై న్యూయార్క్‌లోని వెబ్‌స్టర్ హాల్‌లోనూ ప్రదర్శనలు జరిగాయి. మైక్ దగ్గరి బంధువైన నేట్ కిన్సెల్లా బేస్ వాద్యకారునిగా చేరి, ముగ్గురి బృందాన్ని నలుగురిదిగా చేశారు.

పాత పాటలను తిరిగి వాయించడంతో ఆగిపోకుండా బృందం కొత్త ఆల్బమ్‌లను 2016 అక్టోబర్ 21న, 2019 మార్చి 22న విడుదల చేసింది. వీటికీ బృందం పేరే. ఇరవై రెండేళ్ల యువకుని విరహాన్ని నలభై ఏళ్ల తండ్రి ఎలా పాడాలి అన్నది ఈ దశలో వారికెదురైన సమస్య. 2016 ఆల్బమ్ పాత శైలిని కుదించి, పాటలను మరింత క్రమబద్ధంగా మలిచింది. 2019 ఆల్బమ్ పాటలను సాగదీసి, వాద్యసంపదను పెంచి, దాంపత్యం, వారసత్వం, వ్యసనం వంటి వస్తువుల వైపు మళ్లింది. కాలం గడిచిందని ఒప్పుకోవడం వల్ల మూడవ ఆల్బమ్‌కు స్వతంత్రమైన విలువ ఏర్పడింది.

2021లో లామోస్ బృందం నుంచి వైదొలిగి, 2023లో తిరిగి చేరారు. 2024లో తొలి ఆల్బమ్‌కు 25 ఏళ్లు నిండిన సందర్భంగా దానిని మళ్లీ విడుదల చేయడంతోపాటు, అవే పాటలను ఇతర కళాకారులు పాడిన ఆల్బమ్‌ను కూడా వెలువరించారు. ‘ఐరన్ అండ్ వైన్’, ‘ఈథెల్ కెయిన్’, ‘బ్లాండ్‌షెల్’ అందులో ఉన్నారు. ఒక కృతికి వ్యాఖ్యానాలు ఏర్పడినట్లే ఈ ఆల్బమ్‌కు పునర్గానాలు ఏర్పడ్డాయి.

7. ముఖచిత్రంలోని ఇల్లు:

తొలి ఆల్బమ్ ముఖచిత్రం అర్బానాలోని ఒక సాధారణ చెక్క ఇంటి పైభాగం. ఛాయాచిత్రకారుడు క్రిస్ స్ట్రాంగ్ కింది నుంచి పైకి చూస్తూ తీసిన ఆ చిత్రంలో మనుషులు లేరు. వెలిగే కిటికీ ఒకటి ఉంది. కర్తలు కనిపించని ఆ దశాబ్దంన్నరలో ఆ ఇల్లే వారికి ప్రతినిధి అయింది. అభిమానులు వెతుక్కుంటూ వెళ్లి దాని ముందు ఛాయాచిత్రాలు తీసుకోసాగారు. 2016 ఆల్బమ్ ముఖచిత్రం ఆ ఇంటి లోపలికి తీసుకువెళ్లింది. 2019 ఆల్బమ్ ఇంటిని విడిచి ఆరుబయటికి వచ్చింది. 2023లో బృందం, పాలీవినైల్, స్ట్రాంగ్ తదితరులు కలిసి ఆ ఇంటిని కొనుగోలు చేశారు.

విద్యార్థులు అద్దెకుండే ఇల్లు స్మారక చిహ్నంగా మారడం ఆసక్తికరమైన పరిణామం. చిహ్నం కొంత చూపి, కొంత మరుగుపరుస్తుంది. ఆ ఆల్బమ్‌ను సాధ్యం చేసినవి విశ్వవిద్యాలయ పట్టణం, విద్యార్థి జీవితంలోని తీరిక, ఊళ్లోనే ఉన్న ధ్వనిముద్రణశాల, స్వతంత్ర ప్రచురణ సంస్థ. ఒక్క ఇంటిపై దృష్టి నిలిచినప్పుడు ఈ సామూహిక వ్యవస్థ వెనక్కి వెళుతుంది. చరిత్రకారుడు ఇంటినే కాక, ఆ వీధినీ ఆ ఊరినీ చూడవలసి ఉంది.

8. స్త్రీవాద విమర్శ:

ఎమో చరిత్రలో దాటవేయడానికి వీలులేని విమర్శ జెస్సికా హాపర్‌ది. ‘పంక్ ప్లానెట్’ పత్రికలో 2003లో వెలువడిన వ్యాసంలో ఆమె ఈ సంగీతంలో స్త్రీలు ఎక్కడని ప్రశ్నించారు. ఎమో పాటల్లో స్త్రీ పురుషుని గాయానికి కారణంగా మాత్రమే కనిపిస్తుందని, ఆమెకు పేరు, మాట, స్వతంత్ర జీవితం ఉండవని ఆమె వాదన.

అమెరికన్ ఫుట్‌బాల్ తొలి ఆల్బమ్ ఈ విమర్శ పరిధిలోకి వస్తుంది. ఇందులో నింద, కసి తక్కువన్నది నిజం. పాడేవాడు తననూ తప్పుపట్టుకుంటాడు. అయినా ఎదుటి వ్యక్తి మాట వినిపించదు. వియోగం ఇద్దరిదైనా జ్ఞాపకం ఒకరిదే. సంకోచాన్ని సౌందర్యంగా మలచిన ఈ కృతి, ఆ సంకోచం అవతలి వ్యక్తికి ఎలా అనుభవమైందో అడగలేదు. 2019 ఆల్బమ్‌లో ‘పారామోర్’ గాయని హేలీ విలియమ్స్, ‘స్లోడైవ్’ గాయని రేచల్ గాస్‌వెల్, ‘ల్యాండ్ ఆఫ్ టాక్’కు చెందిన ఎలిజబెత్ పావెల్ తలా ఒక పాటలో గొంతు కలిపారు. దీనిని హాపర్ విమర్శకు సమాధానంగా భావించడానికి ఆధారం అవసరం. పాఠపరంగా మాత్రం ఏకభాషణ సంభాషణగా మారిందని చెప్పవచ్చు. 2024లో ఈథెల్ కెయిన్, బ్లాండ్‌షెల్ తొలి ఆల్బమ్ పాటలనే తమ గొంతుతో పాడినప్పుడు ‘నేను’, ‘నువ్వు’ అనే సర్వనామాల స్థానాలు మారాయి. మాట మారకుండానే అర్థం మారింది. స్వీకరణ కృతిని కొనసాగించడమే కాక, దానిలోని లోపాన్ని కూడా పూరించగలదని ఇది చూపుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రను బృందం క్రియాశీలంగా ఉన్న కాలంతో మాత్రమే కొలిస్తే ప్రధాన ఘట్టమే జారిపోతుంది. 2000–2014 మధ్యకాలం విరామం కాదు. అది శ్రోతల చేతుల్లో నడిచిన దశ.

• 1999 ఆల్బమ్ తన కాలపు ఎమో అపేక్షలను కాదన్నది. శ్రుతి, అల్లిక, మితభాషిత్వం అనే మూడు లక్షణాలూ వెంటనే ఆదరణ తేలేదు. తరువాతి తరానికి అవే నేర్చుకోదగిన వ్యాకరణమయ్యాయి.

• ఆలస్యంగా వచ్చిన కీర్తికి అంతర్జాలాన్ని ఏకైక కారణంగా చూపడం సరికాదు. ప్రచురణ సంస్థ నిలకడ, బృందాల బంధుత్వం, అనుకరణ ద్వారా జరిగిన విద్యావ్యాప్తి అంతకంటే మౌలికమైనవి.

• ‘ఎమో’ అనే పేరు కర్తలు కోరుకున్నది కాదు. అది లక్షణాన్ని చెప్పే పదం కాదనీ, చరిత్రను మోసే పదమనీ గుర్తించాలి.

• కీర్తి ప్రతిష్ఠలు స్థిరపడిన తరువాత కూడా కృతి విమర్శకు అతీతం కాదు. స్త్రీవాద విమర్శ వెలుగులో ఈ ఆల్బమ్‌లోని ఏకపక్ష జ్ఞాపకం స్పష్టమవుతుంది. ఇటీవలి పునర్గానాలు ఆ పరిమితిని కొంతమేరకు అధిగమించాయి.

వెలువడిన నాడు కొద్దిమందికే చేరి, తరువాత అనేకులకు చేరిన కృతులు ఏ భాషలోనైనా ఉంటాయి. వాటి చరిత్రను ‘మరుగునపడిన మాణిక్యం’ అనే ఒక్క మాటతో ముగించడం పరిశోధనకు తగదు. మధ్యకాలంలో దానిని అచ్చులో ఉంచినవారు, ఒకరికొకరు చెప్పుకున్నవారు, చూసి రాసుకున్నవారు, తప్పుపట్టినవారు ఆ చరిత్రలో పాత్రధారులే. వారి పనిని నమోదు చేసినప్పుడే ప్రభావమనే మాటకు నిర్దిష్టమైన అర్థం ఏర్పడుతుంది.